అన్నా యాపిల్‌కు తోడు రకం ఏది? పూత నిండుగా వచ్చి పిందె నిలవని తోట గురించి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ: "మాది చింతపల్లి దగ్గర ఊరు. నేను విశాఖలో, పరవాడ వైపు కంపెనీలో పనిచేస్తాను. ఊళ్లో నాన్న మూడేళ్ల కింద అన్నా రకం యాపిల్ 70 మొక్కలు పెట్టారు. ఈ జనవరి ఆఖర్లో చెట్లన్నీ తెల్లగా పూశాయి. మార్చి వచ్చేసరికి బఠానీ గింజంత పిందెలు రాలిపోయాయి. తోట మొత్తం మీద నలభై కాయలు కూడా లేవు. పక్కన వేరే రకం ఉండాలి అంటున్నారు. మొక్కలమ్మే ఆయన రాయల్ డెలిషియస్, గాలా పెట్టమంటున్నారు. ఏ రకం పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? అమ్మకి గాజువాక ఇంటి డాబా మీద కూడా ఒక మొక్క పెట్టాలని ఉంది, పెట్టొచ్చా?"

తమ్ముడూ, ముందు మీ డబ్బు సంగతి చెబుతాను. రాయల్ డెలిషియస్, గాలా మొక్కలు కొనకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వాటి బదులు వేరే రకం ఇమ్మని అడగండి. ఆ రెండూ మంచి రకాలే, కానీ మీ తోటలో అన్నాకి అవి తోడు కాలేవు. ఎందుకో కింద చెబుతాను. మీకు కావలసింది డోర్సెట్ గోల్డెన్. దాని వెనక రెండో తోడుగా ఐన్ షెమర్. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసుకుని మిగతాది చదవండి. పేరు తెలిస్తే సగం పనే అయినట్టు. ఆ రకం మీ నేల మీద ఏ రోజుల్లో పూస్తుందో తెలిస్తేనే మిగతా సగం.

నేను తొమ్మిదేళ్లు హిమాచల్‌లో కుల్లూ, కోట్‌గఢ్ వైపు తోటల్లో నర్సరీ పనులు చూశాను. విశాఖ తిరిగొచ్చాక ఏడేళ్లుగా చింతపల్లి, జి.మాడుగుల మండలాల్లో నలుగురైదుగురు రైతుల యాపిల్ చెట్లు చూసి వస్తున్నాను. మీరు చెప్పిన సమస్య ఆ తోటల్లో రెండింట్లో అచ్చం ఇలాగే వచ్చింది. పూత చూసి అందరం సంబరపడ్డాం. శివరాత్రి దాటేసరికి చెట్టు కింద నేలంతా పిందెలు.

రకం గురించి మాట్లాడే ముందు మీ నాన్నగారి చేత ఒక పని చేయించండి. తోటలో మిగిలిన నలభై కాయల్లోంచి నాలుగు కోయమనండి. రెండు గుండ్రంగా, నిండుగా ఉన్నవి. రెండు ఒక పక్క నొక్కుకుపోయినట్టు వంకరగా ఉన్నవి. వాటిని తొడిమ నుంచి కిందికి కాకుండా నడుం దగ్గర అడ్డంగా కోయాలి. లోపల ఐదు రేకల చుక్కలా ఐదు గదులు కనిపిస్తాయి. ఒక్కో గదిలో మామూలుగా రెండు గింజలు పట్టే చోటు ఉంటుంది. అంటే పూర్తిగా పరాగ సంపర్కం జరిగిన కాయలో పది గింజల దాకా ఉండొచ్చు. గుండ్రటి కాయలో ఆరో ఏడో గింజలు దొరుకుతాయి. వంకర కాయలో నొక్కుకుపోయిన వైపు గదులు ఖాళీగా ఉంటాయి, లేదా గింజ స్థానంలో గోధుమరంగు పొట్టు ఉంటుంది. గింజ ఉన్న వైపే కాయ కండ పడుతుంది. గింజ కట్టని పిందెను చెట్టు మోయదు, వదిలేస్తుంది. మీ పిందెలు రాలిపోవడానికి నీళ్ల ఎద్దడో, తెగులో కారణమైతే రాలినవాటిలోనూ గింజలు కనిపించేవి. రాలినవి ఇంకా చెట్టు కింద దొరికితే గోటితో చీల్చి చూడండి. లోపల ఏమీ లేకపోతే ఇది పుప్పొడి సమస్యే.

కాయలన్నీ రాలిపోయాయని మీ నాన్నగారు మరీ బెంగపడకుండా ఇంకో మాట కూడా చెప్పండి. యాపిల్‌లో పూసిన ప్రతి పువ్వూ కాయ కానక్కర్లేదు. ఒక్కో గుత్తిలో ఐదారు పూలుంటాయి. బాగా పూసిన చెట్టు మీద నూటికి ఐదు నుంచి పది పూలు నిలిస్తే చాలు, చెట్టుకు పూర్తి కాపు వచ్చినట్టే. కాబట్టి మనం గెలవాల్సింది నూటికి నూరు కాదు, నూటికి ఐదు. అది కష్టం కాదు.

ఇక అసలు కారణం. యాపిల్ చెట్టు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. మన ఇళ్లల్లో సగోత్రీకులకు పెళ్లి కుదరదు అంటారే, దాదాపు అలాంటిదే, ఇంకొంచెం లెక్కతో. ప్రతి యాపిల్ రకానికీ రెండు గోత్రాలు ఉంటాయనుకోండి. శాస్త్రవేత్తలు వాటికి ఎస్ అనే అక్షరం పెట్టి అంకెలు ఇచ్చారు. గోల్డెన్ డెలిషియస్‌వి 2, 3. రెడ్ డెలిషియస్‌వి 9, 28. గాలావి 2, 5. ఫ్యూజీవి 1, 9. పువ్వు మధ్యలో ఉండే కీలానికి ఆ రెండు గోత్రాలూ ఉంటాయి. పుప్పొడి రేణువు మాత్రం రెండింటిలో ఒకటే మోసుకొస్తుంది. రేణువు కీలాగ్రం మీద వాలి, మొలకెత్తి, సన్నటి గొట్టంలా కిందికి దిగుతుంది. అది తెచ్చిన గోత్రం కీలానికున్న రెండింటిలో ఏ ఒక్కదానితో కలిసినా, ఆ గొట్టం దారి మధ్యలోనే ఆగిపోతుంది. కీలంలో ఉండే ఒక ఎంజైమ్ దాని ఎదుగుదలను ఆపేస్తుంది. అండం దాకా చేరదు, గింజ కట్టదు.

దీన్నిబట్టి మూడు రకాల జోడీలు ఉంటాయి. రెండు గోత్రాలూ వేరైతే పుప్పొడంతా పనికొస్తుంది. గోల్డెన్, రెడ్ డెలిషియస్ జోడీ అలాంటిది. ఒకటి కలిసి ఒకటి వేరైతే సగం పుప్పొడే పనిచేస్తుంది. గోల్డెన్, గాలా జోడీలో 2 ఇద్దరికీ ఉంది కాబట్టి సగమే. రెండూ కలిస్తే పక్కపక్కనే వెయ్యి చెట్లు పెట్టినా లాభం లేదు. మీ తోటలో ఇప్పుడున్నది ఆ మూడోది. 70 చెట్లూ అన్నా అంటే అవన్నీ అంటు కట్టిన మొక్కలు, ఒకే తల్లి చెట్టు ముక్కలు. 70 చెట్లున్నట్టు కనిపిస్తుంది గానీ పుప్పొడి లెక్కలో అది ఒకే చెట్టు. అన్నాకి సొంత పుప్పొడితో కొద్దిగా కాయ నిలిచే గుణం ఉంది, ఆ నలభై కాయలు అలా వచ్చినవే అయ్యుంటాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఎందుకంటే మొక్కలమ్మేవాళ్లు అదే తప్పు మీ చేత కూడా చేయించగలరు. హిమాచల్‌లో రెండో ఏడు ఒక కొత్త తోటకు మొక్కలు ఎంచుకునే పని నాకు అప్పజెప్పారు. రెడ్ చీఫ్, ఒరెగాన్ స్పర్, స్టార్‌క్రిమ్సన్ అని మూడు రకాలు తెప్పించాను. మూడు పేర్లు, మూడు వరుసలు, ఒకదానికొకటి తోడు అనుకున్నాను. నర్సరీ ఆయన కూడా, మూడు రకాలున్నాయి, ఇంకేం కావాలి అన్నాడు. చెట్లు కాపుకి వచ్చిన ఏడు పూత గుమ్మరించింది. కాపు లేదు. అప్పుడు ఒక పెద్దాయన వచ్చి చూసి, ఈ మూడూ ఒకే ఇంటి పిల్లలు కదా అన్నాడు. నిజమే, ఆ మూడూ రెడ్ డెలిషియస్ చెట్టు మీద ఎప్పుడో ఒక కొమ్మ రంగు మారి, లేదా గెనుపులు దగ్గరపడి పుట్టిన రకాలు. రంగు మారింది, చెట్టు ఆకారం మారింది, గోత్రం మారలేదు. మూడూ 9, 28 లే. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగేళ్ల కాలం పోయిందని ఆయన భార్య మాత్రం చాలా బాధపడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే కొనే ముందు పేరు ఒక్కటే అడగకండి, అది దేని నుంచి పుట్టింది అని అడగండి. గాలా, రాయల్ గాలా, గేల్ గాలా అని మూడు పేర్లు చెప్పినా మూడూ గాలాలే.

మామూలుగా రెండు వరుసలుండే క్రోమోజోములు మూడు వరుసలున్న రకాలు కొన్ని ఉన్నాయి, జోనాగోల్డ్, ముట్సు లాంటివి. వాటి పుప్పొడి ఎవరికీ సరిగ్గా పనికిరాదు, వాటికే వేరే రెండు రకాల తోడు కావాలి. మన కొండల్లో వాటి ప్రస్తావన రాదు కాబట్టి వదిలేద్దాం.

మరి గాలా, రాయల్ డెలిషియస్ (అదీ రెడ్ డెలిషియస్ ఇంటి పిల్లే) అన్నాకి ఎందుకు పనికిరావు? గోత్రం వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. యాపిల్ చెట్టుకు చలికాలంలో నిద్ర కావాలి. ఏడు డిగ్రీల కన్నా తక్కువ చలిలో గడిచిన గంటలను లెక్కపెట్టి చలి గంటలు అంటారు. రెడ్ డెలిషియస్‌కు దాదాపు వెయ్యి గంటలు కావాలి. గాలా, గోల్డెన్ కూడా ఆరేడు వందల గంటలు అడిగే రకాలు. అన్నాకి రెండు మూడు వందలు చాలు. డోర్సెట్ గోల్డెన్‌కు వంద లోపు చాలు. లంబసింగిలో కొన్ని రాత్రుళ్లు సున్నా దగ్గరకు దిగినా, అది తెల్లవారుజామున కొన్ని గంటలే. పది దాటితే ఎండ. సిమ్లాలో లాగా పగలూ రాత్రీ నెలల తరబడి చలి ఉండదు. ఆ చలికి గాలా సగం నిద్రతో లేచి, ఏ ఏప్రిల్లోనో నాలుగు ఆకులు, రెండు పూలు వేస్తుంది. అప్పటికి మీ అన్నా పూత రాలి రెండు నెలలవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే జోడీల పట్టికల్లో చాలావరకు అమెరికా, ఇంగ్లండ్ చలికి రాసినవి. వాటిలో జోడీ కుదిరినంత మాత్రాన చింతపల్లిలో కుదిరినట్టు కాదు.

హిమాచల్‌లో పుప్పొడి కోసం పెట్టే మంచూరియన్, గోల్డెన్ హార్నెట్ లాంటి అడవి యాపిల్ మొక్కలు కూడా ఇదే కారణంతో మనకు పనికిరావు. బజారులో కొన్న కిన్నౌర్ యాపిల్ గింజలు మొలకెత్తించి పెడదామని ఎవరైనా అంటే దానికీ ఇదే జవాబు. పైగా గింజ మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది.

డోర్సెట్ గోల్డెన్ ఎందుకంటే, అన్నాకి అది చాలా చోట్ల పనిచేసి చూపించిన జోడీ. అన్నా ఇజ్రాయెల్‌లో ఐన్ షెమర్ అనే ఊళ్లో (మన రెండో తోడు రకానికీ అదే పేరు) పుట్టింది, రెడ్ హదసియా అనే స్థానిక రకాన్ని గోల్డెన్ డెలిషియస్‌తో కలిపి అబ్బా స్టైన్ తయారుచేశారు. డోర్సెట్ పుట్టింది బహామాస్ దీవుల్లో. సముద్రం పక్కన, చలి అన్నదే లేని చోట డోర్సెట్ అనే ఆవిడ దగ్గర దొరికిన గింజ మొక్క అది. దానికీ గోల్డెన్ డెలిషియసే తల్లి అని అంటారు. ఇద్దరిలోనూ గోల్డెన్ రక్తం ఉంది కదా, సగోత్రం కాదా అని మీకు అనుమానం రావచ్చు. ఒక గోత్రం కలిసినా సగం పుప్పొడి పనిచేస్తుంది, మనకు నూటికి ఐదు పూలు నిలిస్తే చాలని పైన చెప్పాను. ఫ్లోరిడాలో ఇదే జోడీతో కాయలు కాయించారు. మన దేశంలో లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం పంజాబ్ మైదానాలకు ఈ రెండు రకాలనే సిఫారసు చేసింది. ఇక డోర్సెట్ కాయ పసుపు రంగులో తియ్యగా ఉంటుంది, అమ్ముడుపోతుంది. పుప్పొడి కోసం పెట్టిన చెట్టు ఖాళీగా చోటు ఆక్రమించదు.

హెచ్‌ఆర్‌ఎంఎన్-99 గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ పెంచిన రకం అది. ఆయనకు 2025లో పద్మశ్రీ ఇచ్చారు, ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా తగినవారు. ఆ రకం సొంత పుప్పొడితో కాస్తుందని చెబుతారు. కొత్తగా తోట పెట్టేవాళ్లకు మంచి ఆలోచనే. మీకు మాత్రం 70 అన్నా చెట్లు ఇప్పటికే ఉన్నాయి, వాటికి తోడు వెతకడం మీ పని. రెండు మూడు మొక్కలు పెట్టి చూడండి, అన్నాతో కలిసి పూస్తే మంచిదే. దాని మీదే ఆధారపడకండి.

ఇక మీ తోటకు ఏం చేయాలో చెబుతాను. డోర్సెట్ మొక్కలు ఇప్పుడు తెచ్చి పెడితే పూతకు రెండు మూడేళ్లు పడుతుంది. అంతకాలం మీ నాన్నగారు పూత చూసి బాధపడాలి. దానికన్నా దగ్గర దారి, ఉన్న అన్నా చెట్ల మీదే డోర్సెట్ కొమ్మ అంటు కట్టడం. డిసెంబరు ఆఖర్లో, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, పెన్సిల్ లావు అంటుపుల్ల, మూడు నాలుగు కళ్లున్నది, ఆరోగ్యంగా ఉన్న డోర్సెట్ చెట్టు నుంచి తీసుకోవాలి. మీ అన్నా చెట్టు మీద బొటనవేలు లావు పక్క కొమ్మ ఒకటి ఎంచుకుని, దాన్ని కోసి మధ్యకు చీల్చి, అంటుపుల్ల చివరను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దింపాలి. లోపలి పచ్చటి పొర ఒక్క వైపైనా పొరతో పొర కలవాలి. అదే మొత్తం పని. మామిడికి అంటు కట్టే చెయ్యి మీ ఊళ్లో ఎవరిదైనా ఉంటే వాళ్లకు ఇది తెలిసిన పనే. ప్లాస్టిక్ టేపుతో గాలి చొరకుండా చుట్టి, కోసిన కొనకు మైనం పూయండి. ఆ కొమ్మ అతికిన మరుసటి ఏడో, ఆ పై ఏడో పూస్తుంది.

ఎన్ని చెట్ల మీద? వరుసకు పది మొక్కల చొప్పున ఏడు వరుసలు ఉన్నాయని లెక్క వేస్తున్నాను. ప్రతి వరుసలోనూ రెండో చెట్టు, ఐదో చెట్టు, ఎనిమిదో చెట్టు మీద ఒక్కో కొమ్మ కట్టండి. మొత్తం ఇరవై ఒకటి. ఒకే వరుస మొత్తం డోర్సెట్ చేసి మిగతా ఆరు వరుసలు వదిలేద్దాం, గుర్తు పెట్టుకోవడం తేలిక అని అనిపిస్తుంది. అలా వద్దు. తేనెటీగ ఎక్కువగా వరుస వెంటే ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు పోతుంది, వరుసలు దాటడం తక్కువ. తోడు కొమ్మ ఆ వరుసలోనే ఉండాలి. పుప్పొడి ఇచ్చే చెట్టు యాభై అడుగుల లోపు ఉంటే బాగా పనిచేస్తుంది, వంద అడుగులు దాటితే లేనట్టే అనుకోండి. హిమాచల్‌లో తోటలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పుప్పొడి రకాలు ఉండాలని చెబుతారు. ఒక కొమ్మ ఒక చెట్టుతో సమానం కాదు కాబట్టి, వీటితో పాటు తోట అంచుల్లో ఎనిమిదో పదో డోర్సెట్ మొక్కలు, రెండు మూడు ఐన్ షెమర్ మొక్కలు కూడా ఈ చలికాలమే పెట్టండి. కొమ్మలు ఇప్పటి ఆకలి తీరుస్తాయి, మొక్కలు పదేళ్ల ముందు చూపు.

అంటు కట్టిన ప్రతి కొమ్మకూ మొదలు దగ్గర ఎర్ర పెయింట్ చుట్టూ పూయండి. కోట్‌గఢ్‌లో నేను పనిచేసిన ఒక తోటలో, కొమ్మలు కత్తిరించడానికి వచ్చిన కుర్రాడు, ఈ కొమ్మ ఆకు వేరేగా ఉంది, వేరు నుంచి వచ్చిన పిలక అనుకుని పుప్పొడి కొమ్మలన్నీ నరికేశాడు. తప్పు అతనిది కాదు, మేము గుర్తు పెట్టలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, పుస్తకం. ఒక స్కూల్ నోట్‌బుక్ కొని తోట షెడ్డులో తాడుతో కట్టించండి. జనవరి మొదటి వారం నుంచి రోజూ పొద్దున మీ నాన్నగారు మూడు మాటలే రాయాలి. అన్నా మొదటి పువ్వు ఏ తేదీన విచ్చింది, సగం పూలు ఎప్పుడు విచ్చాయి, ఆఖరి పూత ఎప్పుడు రాలింది. డోర్సెట్ కొమ్మలు పూయడం మొదలయ్యాక వాటికీ అదే. గుత్తి మధ్యలో పువ్వు మొదట విచ్చుకుంటుంది, దాన్ని రాజు పువ్వు అంటారు, పెద్ద కాయ దాన్నుంచే వస్తుంది. తోడు రకం ఆ రాజు పువ్వు విచ్చే రోజుకే పూసి ఉండాలి. నేను చూసిన తోటల్లో డోర్సెట్ కొన్ని చెట్ల మీద అన్నా కన్నా వారం ముందే మొదలైంది. చలి తక్కువ పడిన ఏడు పూత నెలన్నర పాటు విడతలు విడతలుగా వచ్చింది. అలాంటి ఏడు ఐన్ షెమర్ ఆదుకుంటుందని రెండో తోడు చెప్పాను. మీ తోట ఎత్తు, గాలి, మంచు వేరు. జి.మాడుగుల తేదీలు మీకు సరిపోవు. మూడేళ్ల తేదీలు మీ చేతిలో ఉంటే ఇంక మీరు ఎవరినీ అడగక్కర్లేదు.

వచ్చే జనవరికి అంటు కొమ్మలు ఇంకా పూయవు కదా, అప్పుడేం చేయాలి? హిమాచల్‌లో రైతులు చేసే పని చేద్దాం. డోర్సెట్ పూసిన తోట నుంచి సగం మొగ్గలు, సగం పూలు ఉన్న కొమ్మలు మూరెడు పొడవున కోసుకొచ్చి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాల్లో పెట్టి, మీ అన్నా చెట్లకు పూలున్న ఎత్తులో వేలాడదీయాలి. మూడు చెట్లకు ఒక సీసా. నీళ్లు రోజూ నింపితే నాలుగైదు రోజులు తాజాగా ఉంటాయి. తేనెటీగ దాని మీద వాలి, పక్క చెట్టు మీదికి పోతుంది.

తేనెటీగలు తక్కువ కనిపిస్తే చేత్తో కూడా చేయొచ్చు, మీకున్నది 70 చెట్లే. డోర్సెట్ మొగ్గ తెల్లగా ఉబ్బి రేపో ఎల్లుండో విచ్చుకునేలా ఉన్నప్పుడు కోయాలి. రేకులు తీసేసి, లోపలి కేసరాల చివర పసుపు గింజల్లా ఉన్న పరాగకోశాలను దువ్వెన పళ్లతో గీసి తెల్ల కాగితం మీద రాల్చుకోవాలి. నీడలో, గాలి కొట్టని గదిలో ఒక రోజు ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు. మరుసటి పొద్దునకు అవి పగిలి, కాగితం మీద పసుపు పొడి కనిపిస్తుంది. పిల్లలు బొమ్మలకు రంగులేసే సన్నటి బ్రష్ కొనను అందులో అద్ది, అన్నా రాజు పువ్వు మధ్యలో ఐదు సన్నటి కొనలు ఉంటాయి చూడండి, వాటి మీద తాకించి వదిలేయాలి. ఐదు కొనలూ తగలాలి, ఒక్కోటీ ఒక్కో గదికి దారి. గుత్తికి ఒక పువ్వు చాలు. మంచు ఆరాక పది నుంచి మూడు లోపు చేయండి. మొన్న ఫిబ్రవరిలో ఒక తోటలో ఇద్దరు ఆడపిల్లలు రెండు రోజుల్లో నలభై చెట్లు ఇలా పూర్తి చేశారు. వాళ్ల చేతి ఓపిక చూసి నాకు ముచ్చటేసింది. బ్రష్ తగిలిన గుత్తులకు ఊలు దారం కట్టారు. ఆ దారం ఉన్న చోటల్లా ఇప్పుడు నిమ్మకాయంత కాయలున్నాయి.

తేనెటీగల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తోడు రకం పెట్టి కూడా ఇక్కడ నష్టపోతారు. యాపిల్ పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి పోదు. మోసేది ఈగే. మన కొండల్లో నవంబరు దాకా వలిసె పూలు పచ్చటి చీరలా పరుచుకుని ఉంటాయి, తేనెటీగలకు అది పండగ కాలం. వలిసె కోతలయ్యాక అవి వేరే చోట్లకు పోతాయి. సరిగ్గా ఆ ఖాళీలోనే మీ అన్నా పూస్తుంది. చింతపల్లి మంచు తొమ్మిది, పది దాకా వదలదు. పన్నెండు పదమూడు డిగ్రీలు రాకుండా తేనెటీగ పట్టు వదిలి బయటకు రాదు. రోజుకు ఐదారు గంటలే పని జరుగుతుంది. అందుకని రెండు పెట్టెలైనా తోటలో ఉండాలి. నాటు తేనెటీగ పెట్టెలైతే ఇంకా మంచిది, అది ఇటాలియన్ ఈగ కన్నా కాస్త ముందే, చల్లగా ఉన్నా పనికి బయల్దేరుతుంది. పెట్టె తోటలోకి ముందే తేవద్దు. పది పువ్వుల్లో ఒకటి విచ్చిన రోజున తెండి. ముందే తెస్తే అవి చుట్టుపక్కల వేరే పూలకు అలవాటు పడిపోయి మీ చెట్ల వైపు చూడవు. పెట్టె ముఖం తూర్పుకి, పొద్దుటి ఎండ తగిలేలా పెట్టండి.

మందుల విషయంలో మీ నాన్నగారు గట్టిగా ఉండాలి. జనవరి, ఫిబ్రవరిలో మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు. మీ పక్క చేనులో మామిడి ఉంటే ఆ రైతుతో ముందే మాట్లాడుకోండి. కొట్టక తప్పకపోతే సాయంత్రం, ఈగలు పట్టుకు చేరాక కొట్టమని అడగండి, ఆ రాత్రి పెట్టెల ద్వారం మూసి, మరుసటి రోజు కూడా వాటిని నీడలో, గాలాడేలా ఉంచండి. మీ తోటలో మాత్రం యాపిల్ పూత ఉన్నంత కాలం ఇమిడాక్లోప్రిడ్ గానీ మరే పురుగుమందు గానీ కొట్టకూడదు. రేకులన్నీ రాలాకే. ఈగ చచ్చిపోతే ఇప్పటిదాకా చెప్పినదంతా వృథా.

ఆకుల సంగతి ఒకటి మర్చిపోయాను. మన చలికి అన్నా చెట్టు ఆకులు పూర్తిగా రాల్చదు. పాత ఆకు ఉన్న కొమ్మ ఆలస్యంగా, రాలిన కొమ్మ ముందుగా పూస్తాయి, దాంతో ఒకే చెట్టు మీద పూత చెదిరిపోతుంది. ఇండోనేషియాలో తూర్పు జావా కొండల మీద, అసలు చలికాలమే లేని చోట, రైతులు చేత్తో ఆకులు దూసి యాపిల్ పూయిస్తారు, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మీరు డిసెంబరు రెండో పక్షంలో అన్నా, డోర్సెట్ రెండింటి ఆకులూ ఒకే వారంలో దూయించండి. రెండూ దాదాపు ఒకేసారి మేల్కొంటాయి. కొమ్మ చివర మొగ్గ విరగకుండా ఆకును తొడిమ దగ్గర పట్టుకుని కింది వైపు లాగాలి. చెట్టును ఇలా మేల్కొల్పడానికి ద్రాక్షతోటల్లో వాడే రసాయనం ఒకటుంది, అది మనిషికి చాలా ప్రమాదం, 70 చెట్లకు దాని అవసరం లేదు.

అమ్మగారి డాబా మొక్క గురించి. గాజువాకలో జనవరి రాత్రి కూడా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు ఉంటుంది. ఏడు డిగ్రీల గంట ఒక్కటి కూడా దొరకదు. డోర్సెట్ ఒక్కటే పెద్ద కుండీలో బతికి, ఆకులు దూస్తే అప్పుడప్పుడు పూస్తుంది. కాయ మీద ఆశ పెట్టుకోకుండా, మొక్క మీద ఇష్టంతో పెంచుతానంటే పెట్టుకోమనండి. మే నెల ఎండకు మధ్యాహ్నం నీడ కావాలి. కాయలు తినాలని ఉంటే ఆవిడకి జామ, సీతాఫలం పెట్టివ్వండి.

డిసెంబరు మూడో వారంలో నేను జి.మాడుగుల వెళ్తున్నాను. అక్కడ ఒక రైతు దగ్గర ఐదేళ్ల డోర్సెట్ చెట్లు ఆరున్నాయి, అంటుపుల్లలు ఇస్తానని ఒప్పుకున్నారు. మీకు పాతిక పుల్లలు తడి గోనెలో చుట్టి చింతపల్లి బస్టాండుకు తెస్తాను. అవి తడి ఆరకుండా వారం దాకా ఉంటాయి గానీ, తెచ్చిన రోజో మర్నాడో కట్టేస్తే మంచిది. కాబట్టి అంటు కట్టే మనిషిని ముందే మాట్లాడి ఉంచండి, ఎర్ర పెయింట్ డబ్బా కూడా కొని పెట్టండి.